కాపలావాడిని కాసేపు పక్కకు పొమ్మంటే

మైపాడు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా అంటే దొంగల కోసం కాదు, కరెంటు కోసం. కరెంటు పోతే ఏరేటర్లు ఆగుతాయి. ఏరేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. జనరేటర్ వెయ్యడం ఆలస్యమైతే తెల్లారేసరికి రొయ్య గట్టు వారన తేలుతుంది. అందుకని మా బావ చెరువుల మీద రాత్రిపూట ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. రెండేళ్లుగా ఆ పని మా మేనల్లుడిది. వాడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, కంపెనీ వాళ్ల పగలు మనకు రాత్రి. ఎటూ నిద్ర లేదు గనక గట్టు మీద రేకుల షెడ్డులో బల్ల వేసుకుని, చెవులు ఏరేటర్ల మోత మీద, కళ్లు తెర మీద పెట్టుకుని పని చేసుకుంటాడు.

పోయిన ఎండాకాలం ఒక రాత్రి నేను పోయేసరికి వాడు చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏందబ్బయా, పని లేదా?"

"ఎందుకు లేదు మామా. బిల్డ్ అవతా ఉండాది."

ఈ వృత్తిలో లేనివాళ్ల కోసం ఒక మాట. ప్రోగ్రామర్ రాసింది యంత్రానికి నేరుగా అర్థం కాదు. దాన్ని యంత్ర భాషలోకి మార్చాలి, ఇతరుల దగ్గర తెచ్చుకున్న ముక్కలతో కలిపి అతకాలి, చివరికి నడిచే ప్రోగ్రాముగా చెయ్యాలి. అదే బిల్డ్. ఒక్క వరస మార్చినా మళ్లీ బిల్డే. రోజుకు ఎన్ని సార్లని లెక్కేముంది. ఈ నిరీక్షణలో చెడేది గంటలు మాత్రమే కాదు. అర నిమిషమైతే తెర వైపే చూస్తూ ఉంటాం. మూడు నిమిషాలైతే ఫోను తీస్తాం. ఫోను తీశాక తిరిగొచ్చేసరికి ఏం ఆలోచిస్తున్నామో మర్చిపోయి ఉంటాం. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, నాకు తెలియని బాధ కాదు.

మా వాడు తెర ఒక మూలకు చూపించాడు. ఏ ప్రోగ్రాము ఎంత ప్రాసెసర్ తింటోందో చూపించే పట్టిక అది. పైన ఉండాల్సింది కంపైలర్, అంటే రాసినదాన్ని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాము. దాన్ని కిందికి నెట్టి సిస్టం తాలూకు భద్రతా తనిఖీ కూర్చుని ఉంది.

"పని చేసేవాళ్లందరూ లైన్లో నిలబడుండారు మామా, కాపలావాడు ఒక్కొక్కడి జేబులు తడిమి వదలతా ఉండాడు. వీణ్ణి కాసేపు పక్కకు పొమ్మంటే అయిపోతాది."

పక్కకు పొమ్మనడం కష్టమేమీ కాదు. పొమ్మనవచ్చునా అన్నదే ఆ రాత్రి నుంచీ మా మధ్య నలుగుతున్న సంగతి.

ముందు వాడి వైపు నుంచే చెబుతాను, ఎందుకంటే వాడి వాదనలో బలం ఉంది. మ్యాక్ కంప్యూటర్లలో ఎక్స్‌ప్రొటెక్ట్ అనే కాపలా 2009 నుంచీ ఉంది. దాని దగ్గర తెలిసిన దొంగ ప్రోగ్రాముల ఆనవాళ్ల పట్టిక ఉంటుంది. కొత్త ప్రోగ్రాము ఏదైనా మొదటిసారి నడవబోతే ఆపి, పట్టికతో సరిచూసి వదులుతుంది. ఒకసారి చూసినదాన్ని మారకుండా ఉన్నంతవరకు మామూలుగా మళ్లీ ఆపదు. మామూలుగా వాడుకునేవాళ్లకు దీని ఉనికే తెలియదు. నెలకో కొత్త యాప్ వేసుకుంటారు, ఆ అర సెకను ఎటు పోయిందో ఎవరు చూడొచ్చారు. బిల్డ్ చేసేవాడి బతుకు వేరు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషనే తీసుకోండి. బిల్డ్ సాగుతుండగానే బిల్డ్ స్క్రిప్టులనే చిన్న ప్రోగ్రాములు పుట్టి, అప్పటికప్పుడే నడిచి, పని ముగించుకుంటాయి. ఆ తర్వాత నడిపే పరీక్షల్లోనూ ఎన్నెన్నో కొత్త ప్రోగ్రాములు. కాపలావాడికి ఇవన్నీ ఈ క్షణం పుట్టిన మొహాలు, ఎన్నడూ చూడనివి. అన్నిటినీ ఆపుతాడు. పైగా తనిఖీ దాదాపు ఒకే వరసలో జరుగుతుంది. లోపల పది కోర్లున్నా గేటు ఒకటే.

రస్ట్ కంపైలర్ వేగం మీద ఏళ్లుగా పనిచేస్తున్న నికొలస్ నెదర్‌కోట్ 2025లో దీన్ని కొలిచి చూపించాడు. కంపైలర్ పరీక్షల్లో వేల కొద్దీ చిన్న ప్రోగ్రాములున్న ఒక పెద్ద భాగం పది నిమిషాలకు దగ్గరగా పట్టేది, నాలుగు నిమిషాల లోపుకు దిగింది. మార్చిందల్లా సెట్టింగుల్లో డెవలపర్ టూల్స్ అనే జాబితాలో టెర్మినల్‌ను, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీని, చేర్చడం. ఆ జాబితాలో ఉన్న ప్రోగ్రాము కింద పుట్టినవాటికి తనిఖీ ఉండదు. ఒక్క అక్షరం కోడు మార్చకుండా సగానికి పైగా సమయం మిగలడం మా వృత్తిలో అరుదు.

విండోస్‌లో కథ కొంచెం వేరుగా నడుస్తుంది. అక్కడి కాపలావాడు డిఫెండర్. వాడి చూపు నడిచే ప్రోగ్రాముల మీదే కాదు, ఫైళ్ల మీద కూడా. కంపైలర్ వేల చిన్న ఫైళ్లు రాస్తుంది, మూస్తుంది, మళ్లీ తెరుస్తుంది, ఆ రాకపోకల్లో తనిఖీ ఉంటుంది. దీనికి జనం ఎన్నాళ్లనుంచో వాడే చిట్కా, కోడున్న ఫోల్డరును తనిఖీ నుంచి మినహాయించడం. 2023లో మైక్రోసాఫ్టే డెవ్ డ్రైవ్ అని ఒకటి తెచ్చింది. కోడు కోసం కనీసం 50 జీబీ విడిగా కేటాయిస్తే అక్కడ తనిఖీ పూర్తిగా మానదు, వాయిదా పడుతుంది. ఫైలు ముందు తెరుచుకుంటుంది, చూడటం వెనకాల జరుగుతుంది. ఈ ఏర్పాటు చేసినవాళ్లే కాపలావాడిని తయారు చేసినవాళ్లు. బిల్డ్ చేసేవాడి గోడు నిజమని ఇంతకన్నా గట్టిగా ఒప్పుకోవడం ఉండదు.

మా వాడి వాదనలో నాకు అన్నిటికన్నా నచ్చింది మరొకటి. "మామా, ఈ పట్టికలో ఉండేది నిన్నటి దొంగలు. నేను ఇప్పుడు రాసి ఇప్పుడు కంపైల్ చేసింది ఆ పట్టికలో ఎట్టుంటాది?" అని అడిగాడు. జవాబు లేదు. నా చేతిలో పుట్టిన ప్రోగ్రామును తెలిసిన దొంగల ఫొటోలతో పోల్చి చూడటం, కన్నబిడ్డను ఆధార్ కార్డు అడిగినట్టుంటుంది.

సరిగ్గా ఇదే మాట మా బావ రొయ్య గురించి అంటాడు. పట్టుబడికి ముందు చెరువులోంచి రొయ్య తీసి ల్యాబుకు పంపాలి. ముఖ్యంగా యూరప్‌కు పోయే సరుకైతే క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యురాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలు లేవని కాగితం ఉండాలి. ఆ కాగితం వచ్చేదాకా ఆగాలి, ఈలోగా కౌంటు రేటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క మీద ఇచ్చే ధర, పడిపోవచ్చు. "మందు చుక్క కొట్టని చెరువుకి టెస్టెందుకు బామ్మర్దీ?" అని ప్రతి పంటకీ అడుగుతాడు. ఆయన చెరువుకి ఆయన మాట నిజమే. కానీ యూరోపియన్ యూనియన్ 2016లో మన దేశపు చెరువు రొయ్యల సరుకులో నమూనాలు తీసే వంతును 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఎక్కడో ఎవరో కొట్టిన మందుకి అందరి కంటైనర్లూ రేవుల్లో ఆగాయి. కాపలావాడు మా బావ మొహం చూసి రూలు పెట్టలేదు. అందరి మొహాలూ తనకు తెలియవు గనక పెట్టాడు.

ఇక రెండో వైపు.

మా వాడి చేతిలో పుట్టింది అన్నాను. నిజంగా అంతా వాడి చేతిలో పుట్టిందేనా? వాడు రాసింది కొన్ని వేల వరసలు. దాని కింద వందల కొద్దీ ఇతరుల ప్యాకేజీలు నెట్ నుంచి దిగుతాయి. వాటిలో కొన్ని బిల్డ్ సమయంలోనే వాడి కంప్యూటర్ మీద, వాడి పేరు మీద, వాడికున్న అధికారాలన్నిటితో నడుస్తాయి. అంటే కాపలావాడిని పక్కకు పొమ్మన్నప్పుడు లోపలికొచ్చేది ఇంటి పిల్లలే కాదు, వాళ్ల వెంట వచ్చిన ముక్కూ మొహం తెలియని చుట్టాలు కూడా.

ఈ దారిన దొంగలు రాలేదా అంటే, వచ్చారు. 2020 చివర్లో బయటపడ్డ సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉదంతంలో దొంగలు భద్రపరిచిన చోట కోడును మార్చలేదు. బిల్డ్ జరిగే యంత్రంలో మాటు వేసి, కంపైల్ అయ్యే సరిగ్గా ఆ నిమిషంలో ఒక ఫైలు మార్చి, పని కాగానే మళ్లీ పాత ఫైలు పెట్టేశారు. చెడిన ఆ కూర్పు 18 వేల దాకా సంస్థలకు చేరింది. ఆ సాఫ్ట్‌వేర్ సరిగా నడవాలంటే దాని ఫోల్డర్లను యాంటీవైరస్ తనిఖీ నుంచి మినహాయించండని తయారీదారే తన వినియోగదారులకు సలహా ఇచ్చి ఉందని ఆ తర్వాత చర్చకొచ్చింది. మినహాయింపుల జాబితా మీద దొంగలకు ఎంత ప్రేమంటే, విండోస్ మీదికి వచ్చే రకరకాల దొంగ ప్రోగ్రాములు దిగీదిగగానే చేసే పని తమ ఫోల్డరును తామే ఆ జాబితాలో చేర్చుకోవడం.

మ్యాక్‌లోని ఆ డెవలపర్ టూల్స్ మీటలో ఇంకో మెలిక ఉంది. మినహాయింపు కంపైలర్‌కు కాదు, టెర్మినల్‌కు. అందులోంచి పుట్టే ప్రతిదానికీ వర్తిస్తుంది. ఈ మధ్య మ్యాక్ వాడేవాళ్లను ముంచుతున్న పాస్‌వర్డు దొంగలు ఎంచుకున్న దారి సరిగ్గా అదే. ఈ ఒక్క వరస కాపీ చేసి టెర్మినల్‌లో వెయ్యండి, మీ సమస్య తీరిపోతుంది అంటారు. నమ్మి వేసినవాడి టెర్మినల్ ఇదివరకే మినహాయింపులో ఉంటే గేటు దగ్గర అడిగే నాథుడే లేడు.

ఇంతవరకు చెప్పి నేను గెలిచాననుకునేలోపు మా వాడు ఎక్స్‌జడ్ సంగతి తీశాడు. 2024 మార్చిలో బయటపడ్డ ఆ దొంగదారి కూడా బిల్డ్ దారినే వచ్చింది. ఎక్స్‌జడ్ అనేది లినక్స్‌లో ఫైళ్లను కుదించే చిన్న ఉపకరణం. పరీక్షల కోసమని పెట్టిన ఫైళ్లలో దాచిన సరుకును, బిల్డ్ స్క్రిప్టు బయటికి తీసి లోపల కలిపేది. దాన్ని ఏ యాంటీవైరసూ పట్టలేదు. పట్టింది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ప్రోగ్రామర్. తన యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కి, అంటే దూరం నుంచి లోపలికి ప్రవేశించడానికి, అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వుకుంటూ పోయాడు.

"చూసినావా మామా, ఆయన యంత్రం ఎప్పుడూ చురుగ్గా ఉండబట్టి అర సెకను తేడా ఆయనకి తెలిసింది. అన్నీ నిదానంగా నడిచే యంత్రంలో దొంగ దూరినా ఎట్ట తెలస్తాది?"

నేను చాలాసేపు దీనికి ఎదురు వెతికాను. దొరకలేదు. నిదానానికి అలవాటు పడటం కూడా ఒక గుడ్డితనమే. వేగం కోరేవాణ్ణి బద్ధకస్తుడని కొట్టిపారేసే పెద్దవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను.

అయినా ఇదే తీరానికి దక్షిణాన జరిగిన ఒక ఉదయం నా మనసులో నుంచి పోదు. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో గగన్‌యాన్ టీవీ-డి1 పరీక్ష. ఎనిమిదింటికి ఎగరాల్సింది కాస్త వెనక్కి జరిగింది. తీరా లెక్క చివరి 5 సెకన్లకు వచ్చాక, ఏదో తేడా కనిపించి కంప్యూటరే ఆపేసింది. టీవీల ముందు దేశమంతా ఉసూరుమంది. లోపమేమిటో చూసుకుని సరిదిద్ది, అదే రోజు పదింటికి ఎగరేశారు. రాకెట్‌కీ మా వాడి బిల్డుకీ పోలికేమిటని నవ్వొచ్చు. నాకూ నవ్వొస్తుంది. రాకెట్ ఒక్కసారే ఎగురుతుంది, బిల్డు రోజుకు యాభై సార్లు. యాభై సార్లూ 5 సెకన్ల దగ్గర ఆపితే ఎవడూ బతకడు. కానీ ఆ యాభైలో ఒకటి చివరికి జనం చేతికి పోతుంది. ఆ ఒక్కదాన్ని ఎక్కడ, ఏ యంత్రం మీద కట్టారన్నది వేరే లెక్క.

ఇదంతా మాట్లాడుకున్నాక గానీ మేం మొదటే చెయ్యాల్సిన పని చెయ్యలేదని తోచలేదు. నిదానం నిజంగా ఎక్కడుందో కొలవడం. చెరువులో మేత ఎంత తింటున్నాయో చూడటానికి చెక్ ట్రే దించుతారు. నాలుగు మూలలా దించి చూస్తే గానీ చెరువు సంగతి తెలియదు. బిల్డుకీ అలాంటి ట్రేలున్నాయి. ఏ ముక్కకు ఎంత సేపు పట్టిందో గీతలు గీసి చూపించే నివేదిక రస్ట్‌లో అడిగితే ఇస్తుంది. చూశాం. కాపలావాడి వంతు పెద్దదే, కాదనను. కానీ వాడొక్కడే కాదు.

వాడి ల్యాప్‌టాప్ ఫ్యాన్ లేని రకం. రోహిణీ కార్తెలో రేకుల షెడ్డు రాత్రి పదింటికి కూడా కుంపటిలా ఉంటుంది. పగలంతా తాగిన ఎండను రేకు నిదానంగా కిందికి దించుతూ ఉంటుంది, ఉప్పుగాలి వీస్తే తప్ప చల్లబడదు. లోపలి వేడి బయటికి పోయే దారి లేక ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటోంది. మొదట్లో బాగానే నడిచిన బిల్డు పావుగంట గడిచేసరికి ఈడుస్తోంది. దీనికి వాడు కనిపెట్టిన మందు, ల్యాప్‌టాప్‌ను ఐసు పెట్టె మూత మీద పెట్టడం. కింద తేమ చూసి నాకు గుండె ఆగినంత పనైంది. తీయించి, ఒక ఇనుప జల్లెడ బోర్లించి దాని మీద పెట్టి, టేబుల్ ఫ్యాన్ తిప్పాం. ఆ రాత్రికి అదే పెద్ద వేగం.

ఇక ఎప్పుడో ఒక చిన్న అవసరానికి తెచ్చుకుని మర్చిపోయిన ప్యాకేజీ ఒకటి తన వెంట ముప్పై ప్యాకేజీలను లాక్కొస్తోంది. అది తీసేశాడు. తప్పులుంటే చూపిస్తే చాలుననుకున్న చోట కూడా పూర్తి బిల్డ్ చేస్తున్నాడు, అదీ మానేశాడు. బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్ అనే పనిముట్టు రాసిన నాటి నుంచీ ఈ విద్యలో మూలసూత్రం మారలేదు, చేసిన పని మళ్లీ చెయ్యకుండా ఉండటమే.

మరి కాపలావాడి సంగతి? నా తీర్పు రొయ్యల దగ్గరే దొరికింది. 1994 ప్రాంతంలో తెల్లమచ్చ తెగులు వచ్చి ఈ తీరంలో టైగర్ రొయ్య వేసినవాళ్లను ఊడ్చేసింది. గట్టుల మీద నడిచి చెరువు చెరువుకీ రొయ్యను చూసినా, అప్పటికే ఆలస్యం. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్య వేసుకోవడానికి అనుమతిచ్చినప్పుడు కాపలా చోటు మార్చారు. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు నేరుగా మన హేచరీలకు రావు. చెన్నైలో నీలాంకరై దగ్గర క్వారంటైన్‌లో కొన్ని రోజులుండి, పరీక్షలు దాటి వస్తాయి. అంటే బయటి సరుకు లోపలికొచ్చే దారిలో గట్టిగా చూడటం. ఆ తర్వాత కూడా రోగాలు రాలేదని కాదు, తెల్లమచ్చ ఇప్పటికీ వస్తూనే ఉంది. గేటు ఉన్నంత మాత్రాన గట్టు మీద కళ్లు మూసుకోవడానికి లేదు.

బిల్డ్ విషయంలోనూ నేను ఆ వరసే పట్టుకుంటాను. ఇతరుల ప్యాకేజీలు దిగే చోట కాపలా పెంచాలి. కూర్పు సంఖ్యలు బిగించి పెట్టుకోవాలి, కొత్తది వచ్చిందని అదే రోజు ఎగబడి తెచ్చుకోకూడదు, చెడ్డవని తేలిన ప్యాకేజీల జాబితాతో సరిచూసుకోవాలి. ఆ పని చేసేవాడు తన చేత పుట్టిన ప్రోగ్రాములకు తనిఖీ మినహాయించుకుంటే నేను తప్పు పట్టను. చెయ్యనివాడికి ఆ హక్కు లేదనే అంటాను. మినహాయింపు కూడా ఇల్లంతా తెరిచిపెట్టినట్టుండకూడదు. మ్యాక్ అయితే రెండు టెర్మినల్ ప్రోగ్రాములు పెట్టుకుని, ఒకదాన్నే జాబితాలో చేర్చి, దాన్ని బిల్డుకు తప్ప దేనికీ వాడకపోవడం మేలు. విండోస్ అయితే డెవ్ డ్రైవ్ ఉండగా ఫోల్డర్ మినహాయింపు జోలికి పోనక్కర్లేదు. జనానికి ఇచ్చే తుది కూర్పు మాత్రం ఈ ల్యాప్‌టాప్ మీద కట్టనే కూడదు. ఇక మా అక్క బ్యాంకు పనులు చూసుకునే, బావ మేత లెక్కలు రాసుకునే ఇంటి కంప్యూటర్‌లో బిల్డ్ గంటసేపు పట్టినా సరే, కాపలావాడు గేటు దగ్గరే ఉండాలి. దీని మీద మా వాడితో నాకు బేరం లేదు.

మా వాడు రెండో టెర్మినల్ మాటకు వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని జాబితా తెరిచాడు. అప్పుడు గానీ నేను అసలు ప్రశ్న అడగలేదు.

"ఈ ల్యాప్‌టాప్ ఎవరిదిరా?"

"కంపెనీది మామా."

"వాళ్లని అడిగినావా?"

మాట్లాడలేదు. మీట వెనక్కి తిప్పి, అక్కడే, ఏరేటర్ల మోతలో కూర్చుని ఐటీ వాళ్లకు మెయిల్ రాశాడు. ఎందుకు కావాలో, ఎంతవరకు కావాలో, బదులుగా ఏమేం చూసుకుంటాడో అన్నీ రాశాడు. చదివి చూశాను. వాడు రాసే కోడు కన్నా శుభ్రంగా ఉంది.

ఆ వారం ఆ ఇంట్లో ఇద్దరికి కాగితాలు రావాలి, బావకి ల్యాబు నుంచి, వాడికి ఐటీ వాళ్ల నుంచి. బావ కాగితం ముందొచ్చింది.